మౌనీబాబా నోరు విప్పిన వేసవి

మా ల్యాబ్‌లో ఒక బ్యాక్టీరియాకు మౌనీబాబా అని పేరు పెట్టింది నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. టాటానగర్ స్టేషన్ అవతల గూడ్సు లైను పక్కన, ఇనుప ఖనిజం మోసే వ్యాగన్ల నుంచి రాలిన ఎర్రదుమ్ము పేరుకున్న మట్టిలో అది మాకు దొరికింది. మట్టిలో ఉండే బ్యాక్టీరియాలు చాలావరకు చుట్టుపక్కల క్రిముల్ని చంపే పదార్థాలేవో వదులుతుంటాయి. మనం మింగే యాంటీబయాటిక్ మాత్రల్లో ఎన్నో అలా పుట్టినవే. ఇది మాత్రం ప్లేటు మీద బూడిదరంగు చుక్కలా పెరిగి ఊరుకుంది. పక్కన ఏ క్రిమిని పెట్టినా దాని జోలికి పోలేదు.

“మేడమ్, యే తో కుఛ్ బోల్తా హీ నహీ. పూరా మౌనీబాబా హై,” అంది అమ్మాయి, ప్లేటును వెలుతురుకు ఎత్తి చూస్తూ. నోరే విప్పదు, అచ్చం మౌనం పట్టిన బాబా అని.

వాళ్లది మా ఊళ్లోనే అగ్రికో పేటలో ఉండే తెలుగు క్రైస్తవ కుటుంబం. అమ్మ స్కూల్లో టీచరు. నేను తెలుగులో అడుగుతాను, తను హిందీలో చెబుతుంది. మా ఇద్దరికీ అలాగే అలవాటైపోయింది. నేను ఇక్కడే ఒక కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరైన నాన్నతో కలిసి సీతారామ్‌డేరాలో ఉంటాను.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఫ్రిజ్ తలుపు తీసి చూసినప్పుడల్లా పనికిరాని ట్యూబులు తీసేయమనేవారు. అందులో మొదటిది మౌనీబాబాయే. కానీ నా ప్రాజెక్టులో ఒక బ్యాక్టీరియా జీనోమ్‌ను, అంటే దాని జీన్లన్నీ ఉన్న డీఎన్‌ఏను, మొత్తం చదివించుకునే వీలుంది. ఫ్లాస్కులో ఏ పనీ చేయని బ్యాక్టీరియాలో కూడా, జీనోమ్ విప్పి చూస్తే బోలెడు పదార్థాల తయారీ విధానం దాగి ఉంటుందని ఒక వర్క్‌షాప్‌లో విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. అమ్మాయి మాత్రం బాగా పనిచేసే ఇంకో బ్యాక్టీరియాను పంపుదామంది.

“అది చేసేది కళ్లెదుట కనబడుతూనే ఉంది కదమ్మా. దీన్లో ఏముందో ఎవరికీ తెలీదు. దీన్నే పంపుదాం,” అన్నాను.

ఒప్పుకుంది గానీ, ముఖం ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకు ఫైలు వచ్చింది. డీఎన్‌ఏ అక్షరాలు నాలుగే, అవే పేజీలకు పేజీలు. దాన్ని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగి వచ్చాం. ఒక పదార్థం తయారుకావడానికి కావలసిన జీన్లు బ్యాక్టీరియాలో సాధారణంగా ఒకేచోట గుంపుగా ఉంటాయి. ఆ గుంపుల్ని వెతికి, ఇంతవరకూ లోకానికి తెలిసినవాటితో పోల్చి చూపించడమే ఆ సాఫ్ట్‌వేర్ పని. మేం తిరిగొచ్చేసరికి తెర నిండా రంగురంగుల బాణాలు. అమ్మాయి కుర్చీలో కూర్చోకుండానే తెరను కిందికి జరుపుతూ పోయింది.

“ఇత్నే సారే?” ఇన్నా అని నోరు తెరిచింది.

చాలా గుంపులు తెలిసినవాటికి దగ్గరగానే ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం పోలిక దొరకలేదు. నేను దాని వెంట పడ్డాను. దాంట్లో సగం జీన్లు, చుట్టూ ఉన్న ఇనుమును పట్టి తెచ్చుకునే ఒక పదార్థాన్ని తయారుచేసేవి. అందులో వింతేమీ లేదు. ఇనుము లేనిదే దాదాపు ఏ బ్యాక్టీరియా బతకదు. వింతల్లా చివర్లో ఉన్న ఒక జీను. ప్రోటీన్లు తయారుచేసుకోవడానికి ప్రతి ప్రాణికీ తప్పనిసరైన ఒక ఎంజైముకు అది రెండో ప్రతి. మొదటిది జీనోమ్‌లో ఇంకోచోట, ఉండాల్సిన చోటే ఉంది. రెండోది కాస్త తేడాగా, ఈ గుంపులోకి వచ్చి కూర్చుంది.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే, నాన్న ఎదురుగా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగాడు.

“ఏటే, పొద్దున్నుంచీ ఆ కంప్యూటర్ని తినేత్తన్నావు?”

“ఒక్కటి చాలే ఎంజైమ్ ఈ బ్యాక్టీరియాకి రెండున్నాయి నాన్నా.”

“రెండోది ఏటికి?”

“ఆ ఎంజైమ్‌ను చంపే విషం ఏదో ఇది తయారుచేస్తుందనుకో. అది తనకే తగిలితే చస్తుంది కదా. అందుకని విషం తగలని రెండోదాన్ని దగ్గర పెట్టుకుంది.”

“అయితే విషం సేత్తాదన్నమాట.”

“చెయ్యాలి. కానీ చెయ్యట్లేదు.”

“మరింకేటి! సామానంతా పెట్టుకుని సెయ్యకపోతే ఎలాగ?” అని నాన్న నవ్వి, కాయలగిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

డిపార్ట్‌మెంట్ మీటింగులో ఇదే చెబితే హెడ్ ఓపిగ్గా విన్నారు. ఆ తర్వాత, “కంప్యూటర్‌లో మందులు అందరూ కనిపెడుతున్నారు. మీరు ఫ్లాస్కులో చూపించండి,” అన్నారు హిందీలో. నాకు చురుక్కుమంది. కానీ ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

చూపించడానికి మేం చేయని ప్రయత్నం లేదు. ఓట్స్ గంజి, సోయా పిండి, చక్కెర ఎక్కువ, చక్కెర తక్కువ, ఉప్పు, వేడి, చలి. శత్రువుల్ని పక్కన పెట్టి రెచ్చగొట్టాం. మౌనీబాబా అన్నీ తిని, హాయిగా పెరిగి, అలాగే ఊరుకున్నాడు. వేసవి వచ్చింది. అమ్మాయి వాళ్లమ్మ స్కూల్లో ఒక పోస్టు ఖాళీ ఉందట. ఒకరోజు ఫ్లాస్కులు కడుగుతూ, నావైపు తిరగకుండా, “మేడమ్, సాఫ్ట్‌వేర్ భీ తో గలత్ హో సక్తా హై న?” అంది. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పి ఉండొచ్చు కదా అని. కావచ్చు.

ఆ వారం పరీక్షల డ్యూటీ అయ్యాక స్టాఫ్‌రూములో కూర్చుని, సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి ఆ గుంపును నేనే అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టాను. జీన్లను కాదు, మొదటి జీనుకు ముందున్న ఖాళీజాగాను. అక్కడే జీనుకు తాళం ఉంటుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆ అక్షరాల వరుస నాకు తెలుసు. ఎన్నో బ్యాక్టీరియాల్లో ఇనుమును కనిపెట్టుకుని ఉండే ఒక ప్రోటీన్ వచ్చి కూర్చునే చోటు అది. కణంలో ఇనుము సరిపడా ఉన్నంతసేపూ ఆ ప్రోటీన్ అక్కడ కూర్చుని గుంపు మొత్తాన్ని మూసి ఉంచుతుంది. ఇనుముకు కరువొస్తేనే లేస్తుంది.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఈ బ్యాక్టీరియా తన విషాన్ని ఇనుము పట్టే పదార్థానికి తగిలించి బయటికి వదులుతుంది. ఇనుము కోసం ఆశపడ్డ పక్కక్రిమి దాన్ని లోపలికి లాక్కుంటుంది, చస్తుంది. ఇనుము దండిగా ఉన్నప్పుడు ఆ అవసరమే రాదు. మేమేమో దానికి కడుపునిండా ఇనుము పెట్టి, ఎందుకు పనిచేయవని నిలదీస్తున్నాం. మా ఓట్స్‌లో ఇనుము, సోయాలో ఇనుము, నీళ్లలో ఇనుము.

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. “మేడమ్, ఆ రహీ హూఁ,” వస్తున్నానంటూ ఫోన్ పెట్టేసింది. స్కూల్లో పోస్టు ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇంట్లో చెబితే నాన్న పగలబడి నవ్వాడు. “ఈ ఊర్లోనా? ఇనుం లేని సోటు కావాలా నీకు? బట్టలారేత్తే దుమ్ము, గోడ నిమిరితే దుమ్ము!”

ఆయన నవ్వినంత పనీ అయింది. గాజు ఫ్లాస్కులన్నీ యాసిడ్‌లో నానబెట్టి కడిగాం. స్టీలు చెంచాలు తీసేసి ప్లాస్టిక్‌వి తెచ్చాం. నీళ్లలోంచి లోహాలను పట్టేసే పూసల మీదుగా నీటిని జారవిడిచాం. ఆ మండుటెండల్లో కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, చెమటలు కక్కుతూ పనిచేశాం. అంతా చేసి మౌనీబాబాను అందులో వేస్తే పెరగనే లేదు. ఫ్లాస్కు అడుగున ఏదో నలకలా మిగిలాడు.

అమ్మాయి ఆ ఫ్లాస్కును చాలాసేపు తిప్పి చూసింది. “భూఖా మార్ దియా హమ్‌నే,” అంది. ఆకలితో చంపేశాం.

“అయితే ముందు కాస్త పెడదాం. ఒళ్లు చేశాక లాగేసుకుందాం,” అన్నాను.

అలాగే చేశాం. మొదట కొద్దిగా ఇనుముతో పెరగనిచ్చి, బాగా చిక్కబడ్డాక ఇనుమును కట్టిపడేసే మందు ఫ్లాస్కులో కలిపాం. రెండు రోజులాగి, ఆ ద్రవం చుక్క తీసి నీలంరంగు ప్లేటు మీద వేశాం. ఆ ప్లేటులోని రంగు ఇనుమును పట్టుకుని ఉన్నంతసేపూ నీలంగా ఉంటుంది. ఎవరైనా ఇనుమును లాక్కుంటే నారింజరంగుకు తిరుగుతుంది. రంగు మారితే అది మేం కలిపిన మందు వల్ల కాదని తెలియడానికి, ఉత్త మందు కలిపిన నీళ్లచుక్క కూడా పక్కనే వేశాం. ఇద్దరం బెంచీ మీద మోచేతులానించి చూస్తున్నాం. ఉత్త మందు చుక్క చుట్టూ నీలం అలాగే ఉంది, మౌనీబాబా చుక్క అంచున పలచబడింది. పసుపైంది. మెల్లగా, మా కళ్లముందే, నారింజ వలయం విచ్చుకుంది.

అమ్మాయి అరిచిన అరుపుకు పక్క ల్యాబ్ వాళ్లు పరిగెత్తుకొచ్చారు, ఏదో పగిలిందనుకుని.

అసలు పరీక్ష ఇంకా మిగిలే ఉంది. అదే ద్రవాన్ని మూత్రంలో ఇన్ఫెక్షన్లు తెచ్చే రకం బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద పెట్టాం. పక్కనే, మొదటి నుంచీ ఇనుము నిండుగా పెట్టి పెంచిన ఫ్లాస్కులోది, ఉత్త మందు కలిపిన నీళ్లూ కూడా పెట్టాం. మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు అమ్మాయినే తీయమన్నాను. ఇనుము పెట్టిన వైపూ, ఉత్త మందు వైపూ క్రిములు దట్టంగా అల్లుకుపోయి ఉన్నాయి. కరువు చూపించిన వైపు అద్దంలాంటి గుండ్రటి ఖాళీ. ప్లేటు కింద తన వేలు పెట్టి, ఆ ఖాళీలోంచి కనబడేలా ఊపింది. తన భుజం మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయాను.

జీన్ల వరుసను బట్టి ఆ పదార్థం అణువు బరువెంత ఉండాలో మేం ముందే లెక్కగట్టుకున్నాం. నమూనాను హైదరాబాద్‌లో అణువుల బరువు తూచే యంత్రం ఉన్న ఒక శాస్త్రవేత్తకు పంపాం. ఆయన ఫోన్ చేసినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. బయటికొచ్చి వరండాలో నిలబడి విన్నాను.

“మేడమ్, మీరు చెప్పిన బరువు దగ్గరే ఉంది. ఇనుము పట్టినదీ, పట్టనిదీ రెండూ కనబడుతున్నాయి. తెలిసినవాటన్నిట్లో వెతికాను. ఇలాంటిది లేదండీ.”

“ఇంకోసారి చెప్పండి,” అన్నాను. ఆయన నవ్వి, ఇంకోసారి చెప్పారు.

కాలేజీ సెమినార్లో మాట్లాడే పని అమ్మాయికే అప్పగించాను. హాలు నిండిపోయింది. వెనక వరసలో ఆమె తల్లి, ఆవిడ పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని మా నాన్న. ప్లేటు ఫోటో తెర మీద పడగానే హెడ్ లేచి నిలబడి అడిగారు, “ఇనుము కలిపితే ఆగిపోతుందని ఎలా రుజువు చేస్తారు?” అమ్మాయి తడుముకోకుండా తర్వాతి ఫోటో వేసింది, ఆ తర్వాతిది వేసింది, ఒక్కో ప్లేటూ చూపిస్తూ పోయింది. ఆయన చివరిదాకా నిలబడే విన్నారు. చప్పట్లు మొదలుపెట్టింది ఆయనే.

ఇది మందు అవుతుందో లేదో ఇంకా తెలియదు. మనిషి ఒంట్లో పనికొస్తుందా, హాని చేస్తుందా అని తేలడానికి ఏళ్లు పడతాయి. ఆ మాట అమ్మాయి సెమినార్లోనే స్పష్టంగా చెప్పింది. కానీ భూమ్మీద ఇంతవరకూ ఎవరూ చూడని ఒక పదార్థాన్ని, ముందు అక్షరాల్లో చదివి, తర్వాత ఫ్లాస్కులో రప్పించాం. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఆ సాయంత్రం అగ్రికో మార్కెట్లో నాన్న అందరికీ జిలేబీ తినిపించాడు. మా శ్రీకాకుళం వాళ్లే ఒకరు ఎదురై, “ఏటి మావా, ఏటి విశేషం?” అనడిగారు.

“మా పాప ఓ పురుగుని పస్తులుంచి దానిసేత మందు సేయించింది,” అన్నాడు నాన్న, బజారంతా వినబడేలా.

అమ్మాయి నావైపు చూసింది, సరిదిద్దుతానేమోనని. నేను జిలేబీ తింటూ ఊరుకున్నాను. నాన్న ఆ మాటనే ఇంకో ఇద్దరికి చెప్పడానికి అప్పటికే ముందుకు నడిచాడు.