కుర్చీల్లేని లాండ్రీ

“నిలబడకండి! వెళ్ళండి, అయ్యాక నేనే ఫోన్ చేస్తా!”

ముందు ఆ కేక వినిపించేది. తర్వాత మెషీన్ల హోరు. ఆ తర్వాతే, సబ్బునురుగు లాంటి తెల్లజుట్టుతో అత్త కనిపించేది. ఎవరైనా ఎదురుచూస్తుంటే అత్త ఓర్చుకోలేదు. అందుకే ఆమె లాండ్రీలో ఒక్క కుర్చీ కూడా లేదు. ఒకసారి ఓ పెద్దాయన బకెట్ బోర్లించుకుని కూర్చుంటే, ఆయన్ని లేపి, ఆ బకెట్ తీసుకెళ్ళి తోమేసింది.

“ఇందాకే తోమావు కదమ్మా!” అన్నాడాయన.

“మళ్ళీ కూర్చోండి, మళ్ళీ తోముతా. మీరు చూస్తుంటే చొక్కా తొందరగా తెల్లబడుతుందా?”

ఇంట్లోనూ అదే తంతు. మావయ్య పాలగిన్నె ముందు నిలబడితే చాలు, “అలా నడిచి రండి, కాగాక పిలుస్తా” అనేది. పాపం, పాలు కాగిన ప్రతిసారీ నడిచి నడిచి ఆయన పది కిలోలు తగ్గాడు.

ఆమె మేనకోడలికి ఆస్పత్రిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. రోగుల పేర్లు తీసుకుని ల్యాబ్ నుంచి రిపోర్టులు తెప్పించే ప్రోగ్రాం రాసింది. అయితే ఒక్కరి రిపోర్టు ఆలస్యమైతే తెర బిగుసుకుపోయేది. వెనకున్న నలభైమందీ కాళ్ళు మార్చుకుంటూ నిలబడేవారు.

“రేపటికి సరిచెయ్యకపోతే మళ్ళీ కాగితాలే. నువ్వు కూడా వేరే ఉద్యోగం చూసుకో” అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం మేనకోడలు లాండ్రీకొచ్చి, మెషీన్ గుండ్రటి అద్దం ముందు నిలబడిపోయింది. లోపల ఎవరిదో నీలిచీర, తెల్లవారబోయే ఆకాశంలా మెల్లగా తిరుగుతోంది.

“ఏమే, నువ్వు కూడానా? బయటికి నడు!”

“మనసు బాలేదత్తా. కాసేపు ఉండనీ.”

“ఆరు మెషీన్లున్నాయి నాకు. ఒకదాని ముందు నిలబడితే మిగతా అయిదు ఎవరు వేస్తారు? వేసెయ్యాలి, తర్వాతి వాళ్ళని పిలవాలి. ఏది ముందయితే దాని మనిషికి కబురు. అంతే!”

మేనకోడలు ఉలిక్కిపడింది. జవాబు కోసం ఆగిపోకుండా తర్వాతి పని అందుకోవడం, జవాబు వచ్చినప్పుడు దాని సంగతి చూడటం. కాలేజీలో ‘ఎసింక్రొనస్’ అని బట్టీపట్టింది ఇదే కదా! అత్త ఇరవయ్యేళ్ళుగా దాన్ని పేరు తెలియకుండానే నడిపిస్తోంది.

ఆ రాత్రే కూర్చుని ప్రోగ్రాం మార్చి రాసింది. మర్నాడు ఆస్పత్రిలో, పేరు చెప్పగానే తెర తర్వాతి మనిషి వైపు తిరిగింది. రిపోర్టు రాగానే ఎవరి ఫోను వాళ్ళకి మోగింది. మధ్యాహ్నానికి క్యూ మంచులా కరిగిపోయింది.

“ఎక్కడ నేర్చుకున్నావు?” అన్నాడు మేనేజరు.

“మా అత్త దగ్గర. బట్టలుతుకుతుంది” అంది మేనకోడలు, తలెత్తి.

బయటికొస్తే, మెట్ల మీద అత్త. కూర్చుని ఉంది! పక్కనే ఓ నర్సు నవ్వుతోంది.

“పొద్దుట ఏడింటి నుంచీ ఇక్కడే. లోపలున్నది మా అమ్మాయేనని వచ్చేపోయే వాళ్ళందరికీ చెబుతోంది. నాకు డ్యూటీ మధ్యలో దొరికేది ఒక్క గంట. అప్పుడు లాండ్రీకి వెళితే, బట్టలు లాక్కుని, ‘మీ పాప అన్నం తినే వేళయింది, పో’ అని తరిమేసేది ఈవిడ.”

మేనకోడలు వచ్చి అత్త పక్కనే మెట్టు మీద కూర్చుంది.

“నువ్వు ఎదురుచూడటమేంటత్తా? మరి మెషీన్ల సంగతో?”

“వాటికి నేనెందుకే, మీ మావయ్య చాలు. నువ్వు గెలిచొచ్చినా ఓడిపోయొచ్చినా గుమ్మంలో మనిషుండాలి. ఇది ఫోన్లో అయ్యే పనా?”