కాక కట్టిన కరెంటు బరి

మా కాక పోయాడని మంగళవారం పదకొండు గంటలప్పుడు తెలిసింది. ఆరో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. కాక అంటే మా బాపుకు చిన్న తమ్ముడు. మానుకోట నుంచి భూపాలపల్లికి బదిలీ అయిన లైన్‌మన్. కబురు తెచ్చిన మనిషి బడి గేటు దగ్గరే నిలబడి, "మీ కాక కరెంటు తాకి పోయిండమ్మా, జర జల్ది రావాలె" అన్నాడు. ఎర్ర పెన్నుకు మూత పెట్టాను. దిద్దనివీ దిద్దినవీ వేరు చేసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏడుపు బస్సులో వచ్చింది.

ఎట్లా జరిగిందో అక్కడికి వెళ్ళాక చెప్పారు. ఊరి బయట తీగ తెగితే, కరెంటు ఆపించి, స్తంభం ఎక్కి అతికించాడు. దిగాడు. పని అయిపోయింది, కరెంటు ఇవ్వొచ్చు అని సబ్‌స్టేషన్‌కు తానే మనిషిని పంపాడు. ఆ మనిషి సైకిలు మీద చేరడానికి ఎంత లేదన్నా అరగంట పడుతుంది. ఈలోగా తను వేసిన జాయింటు ఇంకోసారి చూద్దామని మళ్ళీ ఎక్కాడు. సైకిలు మనిషికి దారిలో లారీ దొరికింది, అరగంట కాకముందే తీగలోకి కరెంటు వచ్చింది.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "గంత జాగ్రత్త మనిషి ఈ లైనుల ఇంకోడు లేడు. ఆ జాగ్రత్తే పానం దీసింది." ఆ జాగ్రత్త ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. అది అసలు ఎట్లా మొదలైందో అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు మా బడులన్నీ నెలల తరబడి మూతపడ్డాయి. అప్పుడు మేము జనగామలో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. కాకకు ఇంకా పెళ్ళి కాలేదు. కరెంటు ఆఫీసులో ఏళ్ళ తరబడి దినకూలీ మీద పనిచేస్తూ, తన తర్వాత కోస్తా నుంచి వచ్చినవాళ్ళు పర్మినెంటు అవుతుంటే చూస్తూ ఉండేవాడు. ఊరేగింపుల్లో ఆయనా నడిచాడు. లాఠీ దెబ్బ తిని వారం రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాడు.

బడి లేక వీధిలో పిల్లలం ఒకరినొకరం కొట్టుకుంటుంటే విసుగొచ్చి ఆయన మాకొక ఆట కట్టాడు. పాత పెండ్లి పత్రికలు అట్టలుగా కత్తిరించి ఇచ్చాడు. ఒక్కో అట్ట మీద ఒక్కో జీవి బొమ్మ గీయాలి. అయితే దాన్ని కండ్లారా చూసి ఉండాలి. ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎట్లా కూస్తుంది అని కాక అడుగుతాడు. సరిగ్గా చెబితే అట్ట వెనక తన సంతకం పెడతాడు. అప్పుడు ఆ జీవి మనది.

"పులిని చూసిన కాకా!" అన్నాడొకడు.

"ఏడ చూసినవ్‌రా?"

"సర్కస్‌ల."

"మరి ఏం తింటది?"

"టికెట్టు పైసలు."

ఆ జవాబుకే కాక సంతకం పెట్టేశాడు.

ఆ జీవులు కొట్లాడటానికి ఒక బరి కావాలి కదా. కరెంటు ఆఫీసులో పారేసిన చెక్క పలక ఒకటి తెచ్చాడు. ఎడమ పక్క ఒక వరుస మేకులు, మేము మొలలనేవాళ్ళం, ఒక్కో మేకు పక్కన ఒక్కో జీవి పేరు. కుడి పక్క ఇంకో వరుస, వాటిని పట్టి తినే జీవుల పేర్లు. పలక వెనక ఏ మేకుకు ఏ మేకో తీగలతో కలిపాడు. పైన టార్చిలైటు బల్బు, రెండు బ్యాటరీలు, వాటి నుంచి వేలాడే రెండు తీగ కొసలు. ఒకరు తన అట్ట పెడతారు, ఎలుక అనుకోండి. ఎదుటివాళ్ళు ఒక కొస ఎలుక మేకుకు, ఇంకో కొస పిల్లి మేకుకు తాకించాలి. జత కుదిరితే బల్బు వెలుగుతుంది, ఎలుక వాళ్ళదవుతుంది. కుదరకపోతే వాళ్ళ అట్టల్లో ఒకటి పోతుంది. మేము దాన్ని కరెంటు బరి అనేవాళ్ళం. అప్పటికి మా వీధిలో సగం ఇళ్ళలో కరెంటే లేదు. ఆ చిన్న బల్బు వెలిగినప్పుడల్లా వేసిన కేకలకు పక్కింటి అవ్వ బయటికొచ్చి తిట్టేది.

కాక పైఅధికారి కోస్తా నుంచి వచ్చిన ఇంజినీరు. ఆయన కూతురు మా కాన్వెంటులో నా బెంచీ మీదే కూర్చునేది. ఉద్యమం ముదిరాక వాళ్ళ గేటు మీద ఎవరో "వెళ్ళిపోండి" అని తారుతో రాశారు. ఆ పిల్ల ఇంట్లోంచి బయటికి రావడం మానేసింది. కాకే వెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడాడు. "నేనే తోలుకపోత, నేనే తోలుకొస్త. మా ఇంట్లకొచ్చినంక మా బిడ్డనే" అని మాట ఇచ్చి, రోజూ మూడింటికి వెంటబెట్టుకొచ్చేవాడు, చీకటి పడకముందే దింపి వచ్చేవాడు. ఆ పిల్ల ఆయన్ని "బాబాయి గారూ" అనేది. ఆ గారూకు మేము రోజంతా నవ్వేవాళ్ళం.

ఆమె మొదట గీసిన అట్ట మీద "పీత" అని రాసుకొచ్చింది.

"పీత అంటె ఏంది? పేడనా?" అన్నాడు మా అన్న. వాడు కాలేజీలో చదివేవాడు, ఊరేగింపుల్లో ముందుండేవాడు.

కాక అట్ట తిప్పి చూశాడు. "అరే, గిది ఎండ్రకాయరా! బొమ్మ మంచిగ గీసింది. కొండ్లు చూడు, కరిసేటట్టున్నయి." బరి మీద ఎండ్రకాయ మేకు ఉంది. దాని పక్కనే ఇంకో మేకు కొట్టాడు. "పీత" అని రాశాడు. వెనక రెండింటినీ కలుపుతూ బెత్తెడు తీగ చుట్టాడు. కుడి పక్క దాన్ని తినే కొంగ మేకు ముందే ఉంది. ఇప్పుడు ఎండ్రకాయ మీద పెట్టినా, పీత మీద పెట్టినా బల్బు వెలిగింది.

"ఆంధ్రోళ్ల మాటకు మన బరిల లైటెందుకు ఎలగాలె కాకా?" అన్నాడు అన్న.

"ఎలిగింది గదరా. కరెంటుకు యాస తెల్వది, నేనేం జెయ్యాలె?" అన్నాడు కాక. తర్వాత నవ్వు ఆపి మెల్లగా చెప్పాడు. "నా నౌకరి ఈ పిల్ల గుంజుకోలే."

నేను ఆ తీగ గుంజేశాను.

ఎందుకంటే ఒక కారణం కాదు. అన్నా వాడి దోస్తులూ నన్ను "ఆంధ్రోళ్ల చెంచా" అనేవాళ్ళు. అది ఒకటి. రెండోది, అంతకు కొన్ని నెలల ముందు క్లాసులో నేను లేచి "మేము నిన్న వచ్చినం టీచర్" అంటే టీచరు ఆ "వచ్చినం"ను సాగదీసి పలికింది. క్లాసంతా నవ్వింది. నా పక్కనున్న ఈ పిల్ల కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నేను క్లాసులో నోరు తెరవలేదు. తన మాటకేమో మా ఇంట్లో ఒక మేకు, ఒక బల్బు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పలక తిప్పి, పీత మేకుకు చుట్టిన తీగ కొస విప్పి వదిలేశాను. తెంపలేదు. తెంపితే తెలిసిపోతుందని ఆ వయసుకే నాకు తోచింది.

సాయంత్రం ఆట మొదలైంది. అన్న కావాలనే ఎండ్రకాయ అట్ట పెట్టాడు. ఆమె నవ్వుకుంటూ ఒక కొస పీతకు, ఇంకో కొస కొంగకు తాకించింది. బల్బు వెలగలేదు. గట్టిగా అదిమింది. వెలగలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఎండ్రకాయ మొల మీద పెట్టు, ఎలుగుతది" అన్నారెవరో, మంచికే.

"నాది పీత" అంది ఆమె.

కాక పలక వెనక చూశాడు. "లూజయ్యింది బిడ్డా. నా చేతి తప్పే. జర ఆగు, ఒక్క నిమిషం" అని పట్టకారు కోసం లోపలికి పోయాడు. ఆమె తన అట్టలన్నీ, పదిహేనో ఇరవయ్యో, బరి మీద వరుసగా పెట్టేసింది. నా వైపు ఒకసారి చూసింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరమూ ఆపలేదు. కాక పట్టకారుతో బయటికొచ్చి, "పిల్ల ఏది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పరిగెత్తాడు.

వీధి మలుపులో ఆమెకు రాయి తగిలింది. ఎవరు వేశారో ఈనాటికీ తెలియదు. కాక ఎత్తుకుని దవాఖానకు తీసుకెళ్ళాడు. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి.

వాళ్ళమ్మ దవాఖాన వసారాలో కాకతో ఒకటే మాట అంది. "మీ మాట మీద పంపానండీ."

"తప్పు నాదేనమ్మా. కనెక్షన్ లూజు పెట్టిన" అన్నాడు కాక. ఏ కనెక్షనో ఆమెకు అర్థం కాలేదు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను. అప్పుడు చెప్పాల్సింది. కాక చొక్కా మీద నెత్తురు ఉంది. 

నాలుగో రోజున వాళ్ళు రైలెక్కారు. సామాను మోసింది కాకే. ఆ మధ్యాహ్నం ఆయన బరి విప్పి, మేకులన్నీ పీకి, సుత్తితో తిన్నగా చేసి డబ్బాలో పోశాడు. పిల్లలు గొడవ చేశారు. "నాకు చాతగాదురా" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన ఏ ముడి వేసినా రెండోసారి చూడకుండా వదల్లేదు. కొన్నాళ్ళకు పర్మినెంటు అయింది. పెళ్ళయింది. మానుకోటకు బదిలీ అయింది. సెలవుల్లో నేను అక్కడికి వెళ్ళేదాన్ని. ఫ్యాను బిగించి, స్టూలు దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాక, "ఆగు, ఇంకోపాలి చూస్త" అని మళ్ళీ ఎక్కేవాడు. సైకిలు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి లాగి చూసేవాడు. చిన్నమ్మ నవ్వేది. "మీ కాకతోని ఏం జెప్పాలె! పెండ్లిల నా పుస్తెలతాడు ముడి సుత మూడుసార్లు గుంజి చూసిండు. అయ్యగారు పరేషాన్!"

నాకు పుస్తకాలు కొనిపెట్టింది ఆయనే. నేను నెమ్మదిగా మాట్లాడతానని ఎన్నడూ తొందరపెట్టలేదు. "మా బిడ్డ మాట్లాడకపోతె ఏందిరా, సదువుతది" అనేవాడు. టీచరు పని వచ్చినప్పుడు నా క్లాసు గది చూడటానికి వచ్చి, అందరూ వెళ్ళాక స్విచ్చులన్నీ ఒకసారి వేసి, ఆపి, మళ్ళీ వేసి చూశాడు. "పిల్లలు మాట్లాడితె నవ్వకు బిడ్డా" అన్నాడు వెళుతూ. ఆ మాట నాతో ఎందుకన్నాడో నేను అడగలేదు.

ఒక్కసారి చెప్పబోయాను. మానుకోటలో, అరుగు మీద. "కాకా, ఆ రోజు బరి కాడ..." అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బిడ్డా. అది తలుసుకుంటె నాకు అన్నం దిగదు. నా చేతి పని గది." అంతే. నేను ఊరుకున్నాను. ఆయన బాధపడతాడని ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

కాక పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయిందని మా వైపు నమ్మకం. చేను గట్టు మీద విస్తరి వేసి అన్నం, కోడికూర, ఒక బీడీ కట్ట పెట్టారు. దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు తుమ్మచెట్టు మీదే ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

"ఏమన్న కోరికుందేమో, జెప్పుండ్రి" అన్నాడు ఒక పెద్దమనిషి.

చిన్నమ్మ చేతులు జోడించింది. "పిల్లగాండ్లను సదివిస్త. నువ్వు రంది వెట్టుకోకు."

కాకులు కదల్లేదు. మా అన్న ముందుకొచ్చి, "చిన్నమ్మకు నేనున్న కాకా" అన్నాడు. రాలేదు. ఎండ ఎక్కుతోంది.

"నువ్వు జెప్పు బిడ్డా. నువ్వంటె పానం ఆయనకు" అన్నాడు పెద్దమనిషి నన్ను చూసి.

బడి బయట నలుగురిలో నేను మాట్లాడి ఎన్నేళ్ళయిందో. "కాకా, నీ కనెక్షన్ లూజు లేకుండె" అన్నాను. వినపడలేదని ఎవరో అన్నారు. గట్టిగా అన్నాను. "పీత మొల తీగ నేనే గుంజిన. నీ చేతి తప్పు కాదు."

చాలామందికి అది ఏమిటో తెలియలేదు. అన్నకు తెలిసింది. తల దించుకున్నాడు. ఆ బరి సంగతి కాక నోట విని ఉన్న చిన్నమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె స్తంభం ఉన్న వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పద్నాలుగేండ్లు" అంది. "ఒక్కనాడన్న జెప్పకపోతివి గదనే. మల్ల ఎక్కకపోతుండె గదనే ఆయన."

 పెద్దలు ఇంకాసేపు చూసి, పిట్ట రాకపోతే ఆవుకు పెట్టొచ్చులే అన్నారు. ఒక్కొక్కరే కాళ్ళు కడుక్కుని ఇంటి దారి పట్టారు. చిన్నమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఒక కుక్క విస్తరి వాసన చూడబోతే మట్టిపెడ్డ విసిరింది. నేను పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ఆమె నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎండకు విస్తరి అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయి. మెతుకులు ఆరి ఒక్కొక్కటీ విడిపోతున్నాయి.