నూరువరహాల మీద తోటికోడళ్ళు

కాలు విరిగేవరకూ నాకు సీతాకోకచిలుక అంటే సీతాకోకచిలుకే. పచ్చది, నల్లది, పెద్దది, చిన్నది. అంతకు మించి వాటిలో రకాలుంటాయనీ, వాటికి పేర్లుంటాయనీ తెలుసుకోవలసిన అవసరం రాజమండ్రిలో ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని పనిచేసుకునే నాకు ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడాది వానలకి మా పెరటి మెట్లు పాచిపట్టాయి. ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని పరిగెత్తి, మెట్ల మీద జారిపడ్డాను. మడమ దగ్గర ఎముక చిట్లింది. డాక్టరుగారు మోకాలిదాకా సిమెంటు కట్టు వేసి, కాలు కింద పెడితే ఊరుకోనన్నారు. మావారు కాలేజీ లెక్చరరు. పొద్దున్నే వెళ్ళిపోతారు. మా అమ్మాయి విశాఖపట్నంలో చదువుకుంటోంది. కాబట్టి ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తగారూను.

మా అత్తగారికి ఎనభై దాటాయి. మోకాళ్ళు సహకరించవు, చెవి కొంచెం మందం. నోటికి మాత్రం ఏ లోపమూ లేదు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన వడియాలు మినపవో గుమ్మడివో ఇక్కడినుంచే చెబుతారు. పెరటి వసారాలో నాకో పడక్కుర్చీ, ఆవిడకో పడక్కుర్చీ. ఎదురుగా నూరువరహాల చెట్టు, కరివేపాకు చెట్టు, నిమ్మచెట్టు, గోడవారగా గన్నేరు. మొదటి వారంలోనే మా ఇద్దరికీ మాటలైపోయాయి. చుట్టాలందరి సంగతులూ ఒకసారి అయి, రెండోసారి కూడా అయ్యాయి. వానలు తెరిపిచ్చాక నూరువరహాల మీదికి సీతాకోకచిలుకలు గుంపులుగా రావడం మొదలుపెట్టాయి.

మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెబితే, నా ఫోన్‌లో ఒక యాప్ వేయించింది. ఫొటో తీస్తే చాలు, అదే పేరు చెబుతుందట. కుర్చీలోంచి కదలకుండా, చెయ్యి బారుగా చాపి, తెల్లచారల నల్లదాన్నొకదాన్ని తీశాను.

"కామన్ మార్మన్‌ట అత్తయ్యగారూ."

గన్నేరు దగ్గర తిరిగే ముదురు గోధుమరంగుది కామన్ క్రో. లేత పసుపుది కామన్ ఎమిగ్రెంట్. నల్లరెక్కల మీద ఎర్రమచ్చలున్నది కామన్ రోజ్.

"అన్నీ కామనేనా?" అన్నారు మా అత్తగారు. "ఇంత పెరడుంది, ఇన్ని పూలున్నాయి. మనింటికి ఒక్కటైనా కాస్త గొప్పింటిది రాదా?"

"వాటి పేర్లే అంతండీ."

"ఏం పేర్లో ఏంటో, నాకు నోరు తిరగదు. నాకు తెలిసిన పేర్లు నేను పెట్టుకుంటాలే."

ఆవిడకి తెలిసిన పేర్లు చుట్టాలవే. నిమ్మచెట్టు దగ్గర తిరిగే, నలుపు మీద పసుపు మచ్చలున్న దాన్ని కాసేపు చూసి, "ఇది మన పెద్దమ్మాయి" అన్నారు. పెద్దమ్మాయి అంటే కాకినాడలో ఉండే మా పెద్దాడబడుచు. అన్నం తింటున్నా సరే, చేతులు తిప్పుతూ మాట్లాడకుండా ఉండలేరు. "చూడు, పువ్వు మీద వాలి తేనె తాగుతూ కూడా రెక్కలు ఆపదు. అచ్చం అదే." నాకు నవ్వొచ్చింది. కానీ సాయంత్రం ఫోన్‌లో వెతికి చదివితే, లైమ్ బటర్‌ఫ్లైని గుర్తుపట్టే పద్ధతి అదేనట. తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు కొట్టుకుంటూనే ఉంటుందట. మా ఆడబడుచుకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

దీపాలవేళ ఇంట్లోకొచ్చి గోడమూల వాలేది ఇంకొకటి ఉంది. ఎండుటాకు రంగు, చప్పుడుండదు, ఎవరూ చూడరు. దానికి ఆవిడ తమ్ముడి పేరు పెట్టారు. ఆయన ధవళేశ్వరంలో ఉంటారు. సరిగ్గా అదే వేళకి వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, కాఫీ ఇచ్చేదాకా పలకరు. ఒకరోజు మావారు కాలేజీనుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే, "మీ మావయ్యొచ్చాడురా" అన్నారు అత్తగారు. ఈయన గబగబా మళ్ళీ చొక్కా తొడుక్కుని హాల్లోకి వెళ్ళి, ఖాళీ కుర్చీలు చూసి తిరిగొచ్చారు.

"ఏడీ మావయ్య?"

"అదుగో, క్యాలెండరు పక్కన."

ఆయన గోడవంకా, వాళ్ళమ్మవంకా, నావంకా మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ రేపణ్ణించి కాసేపు టీవీ చూడండి" అని స్నానానికి వెళ్ళిపోయారు.

ఇంతవరకూ ఏ గొడవా లేదు. గొడవంతా ఎర్రమచ్చల దానితో వచ్చింది.

మార్మన్‌లో మగది తెల్లచారలతో ఉంటుంది గానీ, ఆడవాటిలో కొన్ని అచ్చం రోజ్‌లాగే నల్లరెక్కలు, ఎర్రమచ్చలతో ఉంటాయని మా అమ్మాయి చెప్పింది. రోజ్ ఒంట్లో విషముంటుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు. ఏ విషమూ లేని ఈ మార్మన్ ఆడది రోజ్ వేషం కట్టి, ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని బతికేస్తుంది. "రెక్కలు చూసి మోసపోకమ్మా, ఒళ్ళు చూడు. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్" అంది.

ఇదంతా అత్తగారికి కాస్త గట్టిగా చెప్పాను. ఆవిడ పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు.

"ఇదా సంగతి! అయితే అసలుది నేనూ, వేషం కట్టింది మా తోటికోడలూ."

ఆవిడ తోటికోడలంటే మా చిన్నత్తయ్యగారు. అమలాపురం దగ్గర పల్లెలో ఉంటారు. అత్తగారి కథ ప్రకారం, కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ నేరేడుపండు రంగు ఉప్పాడ చీర, ఎర్రంచుది, ముచ్చటపడి కొనుక్కున్నారు. నెల తిరక్కుండా చిన్నత్తయ్యగారు అలాంటిదే కట్టుకుని పేరంటానికొచ్చారు. అరవై ఏళ్ళు కావొస్తున్నా ఆ చీర ఇంకా చిరగలేదు.

"అయితే అత్తయ్యగారూ, రోజ్‌కి విషముంటుందండి మరి" అన్నాను, ఊరుకోలేక.

ఆవిడ క్షణం ఆలోచించారు. "దాన్ని తిన్న పిట్ట చచ్చిపోతుందా?"

"లేదండి. కక్కుకుంటుందట. మళ్ళీ దగ్గరికి రాదట."

"అలాగైతే పరవాలేదు" అన్నారు, తృప్తిగా వెనక్కి వాలి.

ఆరోజునుంచీ నూరువరహాల మీద ఎర్రమచ్చలది నెమ్మదిగా, దర్జాగా ఎగిరితే "నేనొచ్చాను" అనేవారు. కంగారుగా ఎగిరితే "మా తోటికోడలొచ్చింది" అనేవారు.

ఇలా సాగుతుండగా చిన్నత్తయ్యగారే నిజంగా వచ్చారు, నా కాలు చూడ్డానికి. తను కుట్టిన పొట్టిక్కబుట్టలు, ఓ అరటిగెల కూడా తెచ్చారు. మర్నాడు పొద్దున్న ఆ పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిడే ఆవిరి పెట్టారు. వాసన ఇల్లంతా కమ్ముకుంది. అత్తగారు కూడా ఎంతో మర్యాదగా ఉన్నారు. "మా చెల్లాయి చేతి రుచి ఎవరికీ రాదు" అని రెండోది వేయించుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం ముగ్గురం వసారాలో కూర్చున్నాం. కూర్చుని కూర్చుని నడుం పట్టేసినట్టుండి సర్దుకుంటున్నాను. అప్పుడే నూరువరహాల మీదికి ఎర్రమచ్చలది కంగారుగా ఎగురుతూ వచ్చింది. అలవాటు చొప్పున మా అత్తగారు గట్టిగా అనేశారు.

"అమ్మాయ్! మా తోటికోడలొచ్చింది, చూడూ!"

చిన్నత్తయ్యగారు చెట్టువంక చూసి, అత్తగారివంక తిరిగారు.

"నేనిక్కడే ఉన్నానుగా అక్కయ్యా" అన్నారు చిన్నత్తయ్యగారు.

నేను సర్దబోయాను. "అది... సీతాకోకచిలుక పేరండి, చిన్నత్తయ్యగారూ."

"నా పేరా?"

"అందరి పేర్లూ పెట్టామండి. పెద్దమ్మాయిగారి పేరు కూడా."

"మంచిదే. మరి నాకు అదే ఎందుకొచ్చింది?"

చెప్పక తప్పలేదు. రెండూ ఎంతో అందమైనవని మొదలుపెట్టి, ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పాను. ఆవిడ అంతా విని, ఒక్క ప్రశ్న అడిగారు. "ఎవరి చీర ఎవరు చూసి కట్టారని చెప్పింది మీ అత్తగారు?"

ఇక అక్కడినుంచి నా అవసరం లేకపోయింది.

"ఆ చీర నా పెళ్ళికి ముందే మా నాన్నగారు ఉప్పాడ మనిషిని పంపించి నేయించారు అక్కయ్యా! అది చూశాకే కదా నువ్వు బావగారి ప్రాణం తోడి కొనిపించుకున్నావు!"

"అవునా? నీ పెళ్ళిలో నేను కట్టిందేంటి మరి?"

"అది నా పెట్టెలోదే! అడిగి తీసుకున్నావు!"

"నీ పెళ్ళినాడు నీ పెట్టెలోది నేను అడుగుతానా? నాకు మతి లేకపోయిందా?"

సరిగ్గా అప్పుడు మావారు వచ్చారు. "నువ్వు చెప్పరా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారి.

"నేనప్పటికి పుట్టలేదమ్మా."

"పుట్టనివాడివి మధ్యలో మాట్లాడకు" అన్నారు అత్తగారు.

రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. "చారు కావాలేమో అడుగమ్మా." "అక్కర్లేదని చెప్పమ్మా." పక్కపక్కనే కూర్చుని.

తెల్లవారింది. చిన్నత్తయ్యగారు నిర్ణయానికొచ్చారు. "ఒళ్ళు చూస్తే తెలిసిపోతుందన్నావుగా. ముందు అది ఏదో తేల్చండి. మిగతాది తర్వాత." ఇద్దరూ కొంగులు బొడ్లో దోపి, నూరువరహాలకి చెరోపక్కా నిలబడ్డారు. మోకాళ్ళు సహకరించని మా అత్తగారు నా చేతికర్ర పట్టుకెళ్ళారు. మావారిని ఫోన్‌తో మధ్యలో నిలబెట్టారు. ఆయనకి కాలేజీ వేళ దాటిపోతోంది.

ఎర్రమచ్చలది వచ్చింది. ఈ పువ్వు మీద అరక్షణం, ఆ పువ్వు మీద అరక్షణం.

"నలుపు!" అన్నారు అత్తగారు.

"ఎరుపు!" అన్నారు చిన్నత్తయ్యగారు.

"కదలొద్దని చెప్పమ్మా దానికి" అన్నారు మావారు, ఎవరితో అన్నారో తెలియదు.

అది అందరినీ వదిలేసి కరివేపాకు మీదికి వెళ్ళింది. ఒక లేతాకు అంచు పట్టుకుని, పొట్ట చివర వంచి, ఆగింది. నేను కుర్చీలోంచే అరిచాను. "గుడ్డు పెడుతోందండీ! కరివేపాకు మీద పెడితే మార్మనే! రోజ్ ఎప్పుడూ ఈశ్వరి తీగ మీదే పెడుతుంది!" ఈలోగా మావారికి ఫొటో దొరికింది. ముగ్గురూ నా దగ్గరికొచ్చారు. పెద్దది చేసి చూస్తే ఒళ్ళు బొగ్గులా ఉంది.

"నేను చెప్పలా? అది మా తోటికోడలే" అన్నారు అత్తగారు.

నాకెందుకో అనుమానమొచ్చి, ఇన్నాళ్ళూ నేను తీసిన పాత ఫొటోలు తెరిచాను. యాప్ కామన్ రోజ్ అని చెప్పినవీ, "నేనొచ్చాను" అని అత్తగారు మురిసిపోయినవీ ఒక్కొక్కటే పెద్దవి చేశాను. అన్నీ కుర్చీలోంచి, దూరంగా తీసినవి కావడంతో ఒళ్ళు సరిగ్గా కనబడలేదు గానీ, కనబడినంతవరకూ ప్రతిదీ నలుపే. మా పెరట్లోకి రోజ్ ఎప్పుడూ వచ్చినట్టే లేదు.

ఈ మాట అత్తగారికి వినబడేలా చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. మావారు చెప్పేశారు.

ముందుగా నవ్వింది చిన్నత్తయ్యగారు. "అంటే ఇద్దరం వేషాలవాళ్ళమే అక్కయ్యా! మరి అసలుది ఎవరూ?"

అత్తగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించారు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఆవిడ ముఖం మారింది. చిన్నత్తయ్యగారి ముఖమూ మారింది. ఒకరినొకరు చూసుకున్నారు.

"అత్తగారు!" అన్నారిద్దరూ.

వాళ్ళిద్దరి అత్తగారు. నేను పెళ్ళై వచ్చేసరికే ఆవిడ పోయారు. ఫొటోలో మాత్రమే తెలుసు. "నేరేడుపండు రంగు ఉప్పాడ, ఎర్రంచు! ముందు కట్టింది ఆవిడే కదే!" అన్నారు అత్తగారు. "ఆ చీర కట్టుకుని వీధరుగు మీద కూర్చుంటే, కూరగాయలబ్బాయి కూడా బేరం ఆడకుండా తూచి వెళ్ళేవాడు."

"మనమూ అలాంటిది కడితే మన మాటా చెల్లుతుందేమో అనుకున్నాం అక్కయ్యా."

"చెల్లిందా?"

"ఎక్కడా! ఆవిడ ఉన్నన్నాళ్ళూ మనల్ని ఎవరు లెక్కచేశారు?"

ఇద్దరూ నా కుర్చీ పక్కనే నిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మావారు ఇక కాలేజీకి సెలవు పెట్టేశారు. కాఫీలు ఆయనే కలిపారు. అవి చల్లారిపోయేదాకా వాళ్ళ అత్తగారి కథలు సాగాయి. ఆవిడ పాలగిన్నె మీద గీత గీసి పెట్టడం, వీళ్ళిద్దరూ మీగడ తీసుకుని నీళ్ళతో గీత దాకా నింపడం. పాతికేళ్ళ కాపురంలో నేనొక్కటీ వినలేదు. ఆ కరివేపాకు రెమ్మ తుంచొద్దని ఇద్దరూ ఆంక్ష పెట్టారు. పక్కింటావిడ అడిగినా ఇవ్వలేదు.

చిన్నత్తయ్యగారు ఊరెళ్ళిన కొద్దిరోజులకి పొద్దున్నే ఫోన్ చేశారు. అత్తగారికి వినబడాలని స్పీకర్ పెట్టాను.

"అక్కయ్యా! మా దొడ్డి కంచె మీద ఈశ్వరి తీగుంది. దాని మీద వాలింది. దగ్గరికెళ్ళి చూశాను. ఒళ్ళు ఎర్రగా, నిప్పులా ఉంది. అత్తగారు ఇక్కడే ఉన్నారు!"

మా అత్తగారు కుర్చీలో సర్దుకుని, తల మీద కొంగు కూడా సవరించుకున్నారు.

"నీ దగ్గరే ఉంచుకో తల్లీ" అన్నారు. "ఇటు మాత్రం పంపకు."