మావారు సీతమ్మ పక్షానికి మారిన ఎదుర్కోలు

మావారు సన్యాసం పుచ్చుకుంటానని మొండికేయకపోతే నేను ఈ దేవరయాంజాల్ ప్రయాణం పెట్టుకునేదాన్నే కాదు. కొంతకాలంగా ఆయనకు వేదాంతం తలకెక్కింది. పురుషుడంటే చైతన్యం, కదలకుండా చూసే సాక్షి. స్త్రీ అంటే ప్రకృతి, ఆడించే శక్తి. మధ్యలో 'నేను' అనే అహంకారం ఒక్కటి చస్తే మోక్షమే అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని పొద్దున చాయ్ కాస్త ఆలస్యమైతే ఆ సాక్షి వంటింటి గడప దగ్గర నిలబడి చేసే గోల మా వాడకట్టంతా వినబడుతుంది. అయినా మనిషి బంగారం. నాకు జ్వరమొస్తే తానే గంజి కాచి, చల్లార్చి తాగిస్తారు. అలాంటి మనిషి ఓ స్వామివారి వెంట కాశీకి వెళ్ళిపోతానని, కొత్త ఇత్తడి కమండలం కూడా కొనుక్కొచ్చారు. భార్య ఒప్పుకోనిదే సన్యాసం చెల్లదట. అందుకని నా అనుమతి అడిగారు. మాకు పిల్లలు లేరు. ఆయన పోతే ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. "శ్రీరామనవమి దాటినంక చెప్త. ముందుగాల మా మేనత్త ఊర్ల ఎదుర్కోలు చూసొద్దాం పదండి" అన్నాను. కమండలంతో సహా బయలుదేరారు.

ఈ యుద్ధకాలంలో అటు వెళ్ళాలనుకునేవాళ్ళు సికింద్రాబాదులో పొద్దుటి రైలే ఎక్కండి. గౌడవెల్లి దాటగానే మూటలు దగ్గర పెట్టుకోవాలి, తర్వాతిది మేడ్చలే, బండి ఎక్కువసేపు ఆగదు. పెట్రోలు కరువు వల్ల మేడ్చల్‌లో బస్సును నమ్ముకోలేం. స్టేషను బయట జట్కాలుంటాయి, ఎనిమిది అణాలకు ఒప్పుకుంటారు. మాకు దొరికిన జట్కావాడు తెల్లగడ్డం సాయిబు. ఊరి పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"నౌమికేనా అమ్మా? కూసోండ్రి, జల్దీ పోదాం. పొద్దుగూకంగ నేను గూడ ఎదుర్కోల్ల కూసోవాలె."

"నువ్వెవరి దిక్కు?" అని మావారు ఆశ్చర్యంగా అడిగారు.

"సీతమ్మ దిక్కే సాబ్. మా ఊరి బిడ్డ గద!"

అక్కడి ఆనవాయితీ అది. కల్యాణానికి ముందురోజు సాయంత్రం ఉత్సవ విగ్రహాలను ఎదురెదురుగా తెచ్చి, రెండు పక్షాలుగా కూర్చుని మా పిల్ల గొప్ప, మా పిల్లవాడు గొప్ప అని వాదించుకుంటారు. ఊరివాళ్ళంతా సీతమ్మ పక్షం. ఊరి అల్లుళ్ళు, బయటివాళ్ళు రాముడి పక్షం. మావారు నవ్వి, ఆడా మగా అనే భేదం దేహానికే తప్ప ఆత్మకు లేదనీ, తనకు ఏ పక్షమూ లేదనీ దారంతా సాయిబుకు బోధించారు. సాయిబు గుర్రాన్ని అదిలిస్తూ "అచ్ఛా, అచ్ఛా" అంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం మేనత్త జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మావారు కునుకు తీస్తుంటే ఆమెకు సంగతంతా చెప్పాను.

"మరి నువ్వేమంటవే?"

"పొమ్మంట అత్తా. నేనైతే బతిమాలుకోను."

"బాగున్నది. ఆయనకేమో సన్యాసం, నీకేమో పంతం. ఇద్దరికిద్దరే!" అని నా చెంప మీద ఒకటి మెల్లగా తట్టింది. నాకు ఏడుపొచ్చింది కాని ఆపుకున్నాను.

ఎండ తగ్గాక సీతారామస్వామి గుడి ముందు చాపలు పరిచారు. ఏటా సీతమ్మ తరఫున మాట్లాడేది మా మేనత్తే. ఎదుర్కోలుకు ఒక్కటే కట్టుబాటు: పెళ్ళి తర్వాతి కథ ఎత్తకూడదు. నోరు జారినవాళ్ళు అవతలి పక్షానికి వచ్చి, అందరికీ పానకం పోసి, ఇక వాళ్ళ తరఫునే మాట్లాడాలి. నన్ను ఆమె తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అల్లుడని రాముడి పక్షం చాప మీద కూర్చోబెట్టినా, మావారు కళ్ళు మూసుకుని సాక్షిగానే ఉన్నారు.

"శివుని విల్లును మా పిల్ల చిన్నప్పుడే ఎడమచేత్తోని జరిపింది" అని అత్త మొదలుపెట్టింది. "మీ పిలగాడు దాన్ని ఇరగ్గొట్టిండు. మంది సామాన్ ఇరగ్గొట్టుడు గూడ గొప్పేనా?"

అందరూ గొల్లుమన్నారు. మావారి కళ్ళు తెరుచుకున్నాయి. "మా రాముణ్ణి అంత మాటంటరా?" అని లేచి నిలబడ్డారు. మా సూర్యవంశం, మా రఘుకులం, మా పరాక్రమం... అబ్బబ్బ, ఎన్ని 'మా'లో! అహంకారం చంపుకోబోతున్న మనిషి ఈయనేనా అని నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఊపులోనే అనేశారు: "రాజ్యాన్ని గడ్డిపోచ లెక్క ఇడిసిపెట్టి అడవికి పోయిన త్యాగి మా రాముడు!"

అందరికంటే ముందు సాయిబే లేచాడు. "తప్పయింది! తప్పయింది! పెండ్లిగాకముందే అడవి ముచ్చట! సాబ్, ఇగ మా దిక్కు రావాలె!"

మావారు కండువా నడుముకు చుట్టుకుని మా పక్షానికి వచ్చారు. వంగి వంగి ఆడవాళ్ళందరికీ పానకం పోశారు. నా గ్లాసు పొర్లిపోయింది. చివరికి రాముడి పక్షం పెద్దాయన, ఆడపెళ్ళివారు కోరేదేమిటని అడిగాడు. అత్త మావారి వైపు చూసింది.

"అల్లుడా, ఇగ నువ్వు మావోడివి. మన బిడ్డ కోసం ఏమడుగుతవో నువ్వే అడుగు."

ఆయన సీతమ్మ విగ్రహం వైపు చూశారు. పసుపు చీరలో చిన్నపిల్లలా ఉంది. ఏదో శ్లోకం అందుకుంటారనుకున్నాను. కాని ఇలా అన్నారు. "మా బిడ్డ నగలడగదు. నోరు తెరిచి ఏమీ అడగదు. మీ పిలగాడు ఎటువోయినా ఆమెను ఒక్కదాన్ని జేసి పోవద్దు. గా మాటొక్కటి ఇయ్యుండ్రి." అంటూనే చేతిలో పానకం చెంబుతో నావైపు తిరిగారు. అవతలి పెద్దాయన "మాటిచ్చినం" అన్నాడు. ఆ మాట తర్వాత ఏమైందో మనకందరికీ తెలుసు. అయినా ఆ సాయంత్రం అక్కడున్నవాళ్ళంతా నమ్మారు. నేనూ నమ్మాను.

మర్నాడు కల్యాణం చూసుకుని ఎడ్లబండిలో శామీర్‌పేట చేరాం. అక్కడి నుంచి సికింద్రాబాదుకు బొగ్గుతో నడిచే బస్సు ఉంది. వెనక పొయ్యి రాజుకునేదాకా ఆగాలి, చెరువుగట్టు మీద కూర్చోవచ్చు. అక్కడ కూర్చున్నప్పుడు ఆయన మెల్లగా అడిగారు. "నీ జవాబు చెప్పనేలేదు."

"పొమ్మందామనుకున్న."

ఆయన ముఖం చిన్నబోయింది. "ఒక్కసారన్న వద్దనాలనిపియ్యలేదా?"

"అనిపిచ్చింది. అడిగితే చిన్నదాన్నయిపోతనని నోరు రాలే. ఇప్పుడు అడుగుతున్న. పోకండి."

బస్సు కదిలే వేళకు ఆయనే ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు కండువాతో దులిపి నన్ను కూర్చోమన్నారు.

చైతన్యం గురించి నాకు ఇప్పటికీ పెద్దగా తెలియదు. చూసే సాక్షి ఆయనే, ఆడించే శక్తి నేనే అయితే, ఒకరు వెళ్ళిపోయాక రెండోవాళ్ళు ఏంచేస్తారో ఏ స్వామీ నాకు చెప్పలేదు. అహంకారం మాత్రం ఆయనదొక్కరిదే అనుకున్నాను, నాదీ తక్కువేం కాదు. ఆయనది నోట్లో ఉంటే నాది మౌనంలో ఉంది. ఎదుటివాళ్ళ చాప మీద కాసేపు కూర్చుంటే అది కొంచెం కరుగుతుందని మాత్రం కళ్ళారా చూశాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. అక్కడి పానకం ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే మూత గట్టిగా ఉన్న చెంబు తీసుకెళ్ళండి. మేము మావారి కమండలంలో తెచ్చాం. బస్సు కుదుపులకు సగం ఒలికిపోయింది. మిగిలింది ఇంటికొచ్చి ఇద్దరం పంచుకున్నాం. ఇప్పుడు ఆ కమండలంతోనే పెరట్లో కాకరపాదుకు నీళ్ళు పోస్తున్నాం. పోసేది ఆయనే.