సారాలో వెలిసిపోయిన రంగు

ఆమ్‌స్టర్‌డామ్‌లో, అచ్చయిన పురుగుల బొమ్మలకు రంగులద్దే ఆల్చె, కుంచెను పెదాల మధ్య పెట్టి మొన తీస్తుంది. అందుకే ఆమె పెదాలకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉంటుంది. సముద్రం అవతలి సురినామ్ నుంచి, కుళ్లిపోకుండా సారా సీసాలో వేసి పంపిన గొంగళిపురుగును చూసి, ఏళ్ల తరబడి దాని బొమ్మకు మట్టిరంగే వేసింది. సురినామ్ వెళ్లి ఓడ దిగి వచ్చిన తమ్ముడు ఆ బొమ్మ చూసి పగలబడి నవ్వాడు. "ఇదేంటక్కా, మట్టి పూశావు? అక్కడ ఆకుల మీద చిలకపచ్చగా మెరిసిపోతుంటుంది. సారాలో నానితే రంగు నిలుస్తుందా?" ఆల్చెకు నవ్వు రాలేదు. మర్నాడు ఒక కాగితం మీద పురుగుకు చిలకపచ్చ వేసి, ఆ బొమ్మలు అచ్చేసి అమ్మే యజమానికి చూపించింది.

"బతికున్నప్పుడు ఇదే రంగటండీ."

"అయితే ఇన్నాళ్లూ కొన్నవాళ్లకేం చెప్పమంటావమ్మా?" అంటూ ఆయన దాన్ని చించి పొయ్యిలో పడేశాడు.

ఆల్చె పెదాల మీది పచ్చరంగు తుడుచుకుని, మళ్లీ మట్టిరంగు కలుపుకుంది.