బోర్డు మీద వదిలిన ఖాళీ

కిందటేడు బాపట్లలో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పడానికి రేపల్లె నుంచి వెళ్లాను. విశేషణాల తర్వాత ఏ ప్రిపొజిషన్ వస్తుందన్నదే పాఠం. బస్సులో దారంతా వల్లెవేశాను. తీరా బోర్డు మీద ‘రవి ఈజ్ అఫ్రైడ్’ అని రాశాక, ‘ఆఫ్’ రాయాలో ‘ఫ్రమ్’ రాయాలో తోచలేదు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మేడం కూర్చుని చూస్తున్నారు.

కాస్త ఖాళీ వదిలి ‘డాగ్స్’ అని రాసి, మా చిన్నప్పటి టీచర్లలా గొంతు సాగదీస్తూ, ‘‘అఫ్రైడ్...?’’ అని పిల్లల వైపు తిరిగాను.

‘‘ఆఫ్’’ అంది క్లాసంతా.

ఉద్యోగం ఖాయం చేశాక మేడం మెల్లగా, ‘‘నేను చేరిన రోజు నన్నూ పిల్లలే గట్టెక్కించారమ్మా’’ అన్నారు. అప్పటికి గానీ నా గుండె కుదుటపడలేదు.

ఇప్పుడు బాగా తెలిసినచోట కూడా ఆ ఖాళీ పిల్లలకే వదులుతున్నాను.