జగమొండి తిండి మానేసిన వారం

గుర్రాల శాలలో ట్రైనర్ మొదలుకొని జాకీ దాకా ఆమె అందరికీ వదినే. ఆమె సాకే ఆడగుర్రానికి మాత్రం అందరూ జగమొండి అని పేరు పెట్టారు. పుట్టుక మేలుజాతే. కానీ మొదటి పందెంలో గేటు తెరుచుకోగానే మిగతావన్నీ దూసుకుపోతే, అది దిక్కులు చూస్తూ నిలబడిపోయింది. యజమాని అమ్మేస్తానన్నాడు. దానికి చేతకాక కాదు, బెదురని చెప్పి వదిన అడ్డుపడింది. రోజూ ఒళ్లు తోముతూ, తిడుతూ, ఇంటి సంగతులన్నీ దాని చెవిలో వేస్తూ మచ్చిక చేసుకుంది. ఏడాది తిరిగేసరికి జగమొండి వరసగా గెలవసాగింది.

వదిన భర్త అక్కడే గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. "మగాడికి కూడా సవతిపోరు ఉంటుందని నన్ను చూసే తెలుసుకోవాలి," అని జాకీతో మొరపెట్టుకునేవాడు.

పెద్ద కప్పు పందెం వారం ఉందనగా వదిన తడి గచ్చు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆమె ఆసుపత్రిలో చేరింది, ఇక్కడ జగమొండి మేత మానేసింది. దాణా మార్చినా, డాక్టరు వచ్చి చూసినా లాభం లేకపోయింది. పందెం నుంచి తప్పించేద్దామన్నాడు ట్రైనర్. ఆ కబురు విని వదిన మంచం మీంచే భర్తను పిలిచింది.

"నువ్వెళ్లి దాన్ని నాలుగు తిట్టు."

"నేనా? ఏమని తిట్టను?"

"నన్ను తిట్టినట్టే. అందులో నీకు కొత్తేముంది?"

అతను ఆమె పాత శాలువా కప్పుకుని వెళ్లాడు. తీరా ఎదురుగా నిలబడితే తిట్టు నోట రాలేదు. బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. ఆమె నొప్పికి తట్టుకోలేక ఏడ్చిందని, ఇల్లు బావురుమంటోందని, తను వండిన అన్నం తనకే దిగడం లేదని చెప్పుకుంటూ పోయాడు. జగమొండి మెడ చాచి శాలువా వాసన చూసింది. కాసేపటికి తొట్టిలో మూతి పెట్టింది. ఆ వారమంతా అతను పనికి ముందు అక్కడ కూర్చుని కబుర్లు చెప్పాడు.

పందెం రోజున జగమొండి చివరి మలుపు దాకా వెనకే ఉంది. అక్కణ్ణుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చి, మెడ పొడవు తేడాతో గెలిచింది. ఆసుపత్రి టీవీ ముందు వదిన చేసిన గోలకు నర్సు పరిగెత్తుకొచ్చింది.

తరవాత జగమొండి ఇంకో రెండేళ్లు పరిగెత్తి, ముంగాలి నరం వాచడంతో పందేలు మానేసింది. యజమాని దాన్ని పిల్లల్ని కనడానికి ఊరవతల గుర్రాల ఫారానికి పంపితే, ఆలుమగలిద్దరూ వెంట వెళ్లారు. అక్కడ పుట్టిన పిల్ల వట్టి బద్ధకిష్టి. ఎండ కాగుతూ పడుకోవడమే దాని పని. లేపబోయిన భర్తను వదిన కసిరింది.

"పడుకోనీ. వాళ్లమ్మ దాని వంతు కూడా పరిగెత్తేసింది."